పరిసరాలు లేని పరిసరాల విజ్ఞానం

నవంబరు మాసం ప్రవేశించిందంటే యమునా తీరానికి అతిథులు దిగుతారు. మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి వలస వచ్చే బాతులు ఓఖ్లా ఆనకట్ట ఎగువ నీటిలో గుంపులు కడతాయి. నిగంబోధ్ ఘాట్ దగ్గర గల్ పక్షులు పడవల చుట్టూ ముసురుతాయి. ఆవరణ వ్యవస్థ అంటే ఏమిటో నాలుగవ తరగతి పిల్లలకు కళ్ళకు కట్టినట్టు చూపదలచిన ఉపాధ్యాయునికి దేశ రాజధానిలో ఇంతకన్న మంచి మాసం లేదు. సరిగ్గా ఆ మాసంలోనే పిల్లలు గడప దాటరాదన్న ఉత్తర్వు వెలువడుతుంది. 2023 నవంబరులోనూ, 2024 నవంబరులోనూ గాలిలోని విషం హద్దు మీరగా అన్నిటికన్న ముందు తలుపులు మూసుకున్నవి ప్రాథమిక తరగతులే. పిల్లలకు మధ్యాహ్న భోజనం పోతున్నదనీ, ఇంట కూర్చుని చదువుకునే సాధనాలు చాలామందికి లేవనీ గమనించి, ఈ మూసివేతను తిరిగి ఆలోచించవలసిందిగా 2024 నవంబరు 25న సుప్రీం కోర్టు గాలి నాణ్యతా కమిషన్‌కు సూచించవలసి వచ్చింది. పరిసరాలను చదవవలసిన పిల్లలను పరిసరాల నుంచి దాచి కాపాడుకోవలసిన దశకు మనం చేరుకున్నాము.

అయితే పొగ కొద్ది వారాల ముచ్చట. మిగిలిన నెలలలో ఆకాశం తెరిపిగానే ఉంటుంది. అప్పుడైనా మన ప్రాథమిక పాఠశాలల పిల్లలు గోడ దాటి వెళ్ళి ఒక చెట్టును, ఒక కుంటను చూసి వస్తున్నారా? ఢిల్లీలో గాని, లక్నోలో గాని, మన కర్నూలులో గాని సమాధానం దాదాపు ఒక్కటే. ఎందుకు వెళ్ళడం లేదన్న ప్రశ్న పైకి ఉపాధ్యాయుల శ్రద్ధాశక్తులకు సంబంధించినదిగా కనిపిస్తుంది. లోతుకు పోయి చూస్తే అది ప్రభుత్వ విధానానికీ, నేల యాజమాన్యానికీ సంబంధించిన ప్రశ్న.

మాటలకు మాత్రం ఈ దేశంలో ఎన్నడూ కొరత లేదు. ప్రాథమిక దశలో పరిసరాల విజ్ఞానాన్ని పాఠ్యాంశంగా 1975 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమే సిఫారసు చేసింది. 1986 నాటి జాతీయ విద్యా విధానం పర్యావరణ స్పృహ గురించి మాట్లాడింది. అది చాలక న్యాయస్థానమే రంగంలోకి దిగింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీం కోర్టు, అన్ని స్థాయిల విద్యార్థులకూ పర్యావరణాన్ని నిర్బంధంగా బోధించవలసిందేనని ఆదేశించింది. సినిమా హాళ్ళలో ఆట మొదలయ్యే ముందు పర్యావరణ సందేశాల స్లైడ్లు చూపాలన్నది కూడా ఆ తీర్పులోని ఆదేశమే. రాష్ట్రాలు ఎప్పటివలెనే తాత్సారం చేశాయి. పన్నెండేళ్ళ తర్వాత, 2003 డిసెంబరులో, కోర్టు మళ్ళీ మందలించి, నమూనా పాఠ్యక్రమం తయారుచేసే బాధ్యతను ఎన్.సి.ఇ.ఆర్.టి.కి అప్పగించింది. 2004 జులైలో దానిని ఆమోదించి రాష్ట్రాలన్నీ అమలు జరపాలని శాసించింది.

ఫలితమేమిటి? పర్యావరణం నిర్బంధ పాఠ్యాంశమైంది. పాఠ్యాంశం కాగానే దానికొక పుస్తకం, పుస్తకం వెనుక ప్రశ్నలు, ప్రశ్నలకు గైడు, గైడుకు పరీక్ష వరుసగా వచ్చిపడ్డాయి. ‘ఆవరణ వ్యవస్థ అనగానేమి?’ అన్న ప్రశ్నకు నాలుగు పంక్తుల జవాబును కంఠస్థం చేసిన బాలుడికి, తన బడి వెనుక కుంటలో తూనీగ గుడ్లు పెడుతుందన్న సంగతి తెలియదు. కోర్టు చెప్పగలిగినది బోధించమని. ఎక్కడ నిలబడి బోధించాలో కోర్టు చెప్పదు, చెప్పలేదు.

ఇక్కడొక న్యాయమైన మాట చెప్పాలి. 2005 నాటి పాఠ్యప్రణాళికా చట్రాన్ని అనుసరించి ఎన్.సి.ఇ.ఆర్.టి. మూడు, నాలుగు, అయిదు తరగతులకు వెలువరించిన ‘ఆస్ పాస్’ పుస్తకాలు చెడ్డవి కావు. చాలా రాష్ట్రాల పుస్తకాలకన్న ఎంతో మేలైనవి. మూడవ తరగతి పుస్తకం మొదటి పాఠంలో, ఒంట్లో బాగాలేక బడికి వెళ్ళని ఒక చిన్న పిల్ల పొద్దుపోక ఇంటి బయట చెట్టుకింద కూర్చుని చుట్టూ తిరిగే జంతువులను, పక్షులను, పురుగులను గమనిస్తుంది. పాఠం రాసినవారు ఉద్దేశించారో లేదో గాని, మన విద్యావ్యవస్థ మీద ఇంతకన్న నిశితమైన వ్యాఖ్య నాకు కనిపించలేదు. ఆ పిల్ల ప్రకృతిని చూడగలిగినది బడి ఎగ్గొట్టినందువల్లనే గదా! 2024 నుంచి ఆ పుస్తకాల స్థానే ‘హమారా అద్భుత్ సంసార్’ వరుస వచ్చింది. పేరులో అద్భుతం చేరింది. ఆ అద్భుతాన్ని చూసి రావడానికి గంట సమయం కాలపట్టికలో చేరిందా అన్నదే నా సందేహం.

ఢిల్లీ పిల్లలకు బయటి యాత్రలు లేవని కాదు. జంతు ప్రదర్శనశాల ముందు శీతాకాలపు ఉదయాలలో బడి బస్సులు బారులు తీరడం ఈ నగరంలో నిత్యదృశ్యం. నేను అనేకసార్లు చూశాను. ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని పిల్లలు రైలుబండిలా నడుస్తారు. ముందొక ఉపాధ్యాయిని, వెనుకొక ఉపాధ్యాయిని. ఏ బోను దగ్గరా నిమిషానికి మించి నిలవరు. ‘నడవండి, నడవండి’ అన్న కేక తప్ప వేరే పాఠం వినిపించదు. బోనులో పులి ఆవరణ వ్యవస్థలో భాగం కాదు. దానికి వేట లేదు, హద్దు లేదు, ఆకలి వేళ కూడా లేదు.

ఒకప్పుడు రాజధానిలో ఈ లోటును కొంత తీర్చిన సంస్థ ఉండేది. స్వాతంత్ర్య రజతోత్సవ సంవత్సరమైన 1972లో ఇందిరాగాంధీకి కలిగిన ఆలోచన ఫలితంగా, 1978 జూన్ 5న మండీ హౌస్ దగ్గర జాతీయ ప్రకృతి విజ్ఞాన మ్యూజియం తెరుచుకున్నది. పిల్లలు చేతితో తాకి చూసేందుకు అందులో ప్రత్యేకంగా ఒక గది ఉండేది. అద్దెభవనంలోనే ముప్పయి ఎనిమిదేళ్ళు కాపురం చేసిన ఆ మ్యూజియం 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున అగ్నికి ఆహుతైంది. ఆ వార్త రెండు రోజులు పత్రికలలో నడిచి ఆగిపోయింది. పార్లమెంటు భవనానికి రెండు మైళ్ళ దూరంలో పిల్లల కోసం నెలకొల్పిన జాతీయ సంస్థ బూడిదైతే, దాని గురించి వినిపించిన గొంతులు బహు స్వల్పం. పిల్లలకు ఓటు లేదు.

అదే నగరంలో ఊరట కలిగించే చోటు కూడా ఒకటి ఉన్నది. వజీరాబాద్ దగ్గర చవుడుబారిన యమునా లంకభూమిని తీసుకుని, ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రొఫెసర్ సి.ఆర్. బాబు నాయకత్వాన ఢిల్లీ అభివృద్ధి సంస్థతో కలిసి ఇరవై ఏళ్ళకు పైగా శ్రమించి యమునా జీవవైవిధ్య వనాన్ని పెంచారు. మొదట గడ్డి, తర్వాత పొదలు, తర్వాత చెట్లు, మధ్యలో నీటి మడుగులు. మడుగులకు బాతులు వచ్చాయి. పొదలలోకి అడవిపందులు వచ్చాయి. 2016 నవంబరులో ఏకంగా ఒక చిరుతపులి వచ్చి కూర్చున్నది! ఆహారపు గొలుసులో పై మెట్టు ప్రాణి తనంతట తాను వచ్చిందంటే కింది మెట్లన్నీ కుదురుకున్నట్టేనని శాస్త్రజ్ఞులు సంబరపడ్డారు. చుట్టుపక్కల గ్రామాలవారు బెంబేలెత్తారు. చివరకు అటవీ శాఖవారు దానిని బోనుపెట్టి పట్టి శివాలిక్ కొండల అడవికి చేర్చారు. ఆవరణ వ్యవస్థ అంటే చెట్లూ పిట్టలూ మాత్రమే కాదనీ, అందులో మనిషి భయం, పశువుల కాపరి నష్టం, ప్రభుత్వ నిర్ణయం కూడా ఇమిడి ఉంటాయనీ చెప్పడానికి ఈ ఉదంతాన్ని మించిన పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ వనాన్ని చూడడానికి బడిపిల్లలు వస్తారు. అయితే అటువంటి వనాలు దేశంలో ఎన్ని బడులకు అందుబాటులో ఉన్నాయి?

నిజానికి అంతదూరం పోనక్కరలేదు. ఆవరణ వ్యవస్థకు సమానమైన ఆంగ్లపదాన్ని 1935లో వాడుకలోకి తెచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్స్‌లీ, జీవులనూ, అవి బతికే నేల, నీరు, గాలినీ కలిపి ఒక్కటిగా చూడమన్నాడు. అంత భారీ మాట పదేళ్ళ పిల్లలకెందుకంటారేమో. వీధిలో పడిన ఆవుపేడ చాలు. గంటసేపు దాని పక్కన కూర్చున్న పిల్లలు, ముందు ఈగలు రావడం చూస్తారు. తర్వాత పేడపురుగు వచ్చి ఉండచుట్టి దొర్లించుకుపోవడం చూస్తారు. వాటికోసం మైనా గోరింకలు దిగడం చూస్తారు. వారం తర్వాత వెళితే అక్కడ పేడ ఉండదు. గడ్డి పచ్చగా ఉంటుంది. పుస్తకాలన్నిటిలో అచ్చయ్యే గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద వరుసను ఏ పిల్లవాడూ కళ్ళారా చూసి ఉండడు. పేడ కథను ఎవరైనా చూడవచ్చు.

మరొక ఉదాహరణ మన తెలుగు పాఠకులకు ఆసక్తికరంగా ఉండవచ్చు. ఢిల్లీ రిడ్జి అడవిని నేడు ఆక్రమించి ఉన్నది విలాయతీ కీకర్. అది మన సర్కారు తుమ్మే. ఆంగ్లేయులు కొత్త రాజధాని కట్టుకుంటున్న రోజులలో త్వరగా పచ్చదనం కావాలని దానిని ఇక్కడ చల్లారు. అంతకు ముందే, 1877లో, వంటచెరకు కోసం ఆ మొక్కను మన కడప సీమలో నాటినట్టు అటవీ చరిత్ర చెబుతున్నది. కరవు నేలలో బీదవాని పొయ్యికి అది కట్టె ఇచ్చిన మాట నిజం. దాని నీడన మరొక మొక్కను బతకనివ్వని మాటా నిజమే. అయిదవ తరగతి పిల్లలకు తాడుముక్క ఒకటి ఇచ్చి, సర్కారు తుమ్మ కింద గజం చదరపు నేలలో ఎన్ని రకాల మొక్కలున్నాయో, నల్ల తుమ్మ కిందనో వేప కిందనో అంతే చోటులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. నలభై నిమిషాలలో వారి నోటినుంచే ‘ఎందుకు?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వచ్చిన తర్వాత ఉపాధ్యాయుడు ఏమి చెప్పినా అది పాఠమే. ఆ ప్రశ్న రాకముందు ఎంత చెప్పినా అది నోట్సు.

ఒక్కసారి చూపి వదిలేస్తే విహారయాత్ర అవుతుంది. అదే కుంటకు ఆషాఢంలో, కార్తికంలో, మళ్ళీ ఫాల్గుణంలో తీసుకుపోతే క్షేత్ర పర్యటన అవుతుంది. నీరు లేనప్పుడు కప్ప ఎక్కడ దాగున్నది, బుడుబుంగ ఎటు వెళ్ళిపోయింది, బురద నెరదీసిన చోట మొదట మొలిచిన గడ్డి ఏది అన్నవి రెండవ, మూడవ రాకలలో గాని తెలియవు. శ్రీలంకలో ప్రాథమిక తరగతుల పాఠ్యాంశానికి పెట్టిన పేరే ‘పరిసర సంబంధ కార్యకలాపాలు’. పేరులోనే పని ఉన్నది. మనం మాత్రం దానిని విజ్ఞానమన్నాము. విజ్ఞానం పుస్తకంలో దొరుకుతుందన్న నమ్మకం మనది.

ఈ దేశంలో ఇది జరగని పని కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడులతో మొదలైన విజ్ఞాన బోధనా కార్యక్రమం, ఆరు నుంచి ఎనిమిదవ తరగతి వరకు పిల్లలను పొలాలకు, వాగులకు తీసుకుపోయింది. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాని బాధ్యత స్వీకరించింది. అందులో నాకు విశేషంగా తోచినది పర్యటన కాదు, పరీక్ష. పుస్తకం తెరిచి పెట్టుకుని రాసే పరీక్ష, చేతితో చేసి చూపే పరీక్ష. బయట చూసినదానికి పరీక్షలో విలువ ఉన్నది గనుక ఉపాధ్యాయుడు పిల్లలను బయటకు తీసుకుపోయాడు. మూడు దశాబ్దాల తర్వాత, 2002లో, రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని కలంపోటుతో ముగించి, అన్ని జిల్లాలవలెనే ఆ జిల్లాకూ మామూలు పుస్తకం ఇచ్చింది. కాగా అల్మోరాలో ఉత్తరాఖండ్ సేవా నిధి సంస్థ 1987 నుంచి గ్రామంలోని నేల, నీరు, పశుగ్రాసం, వంటచెరకుల చుట్టూ అల్లిన పాఠాలు, 2000లో కొత్త రాష్ట్రం ఏర్పడిన తర్వాత రాష్ట్ర పాఠ్యక్రమంలో చోటు సంపాదించుకున్నాయి. అంటే ప్రభుత్వం తలచుకుంటే చేయగలదు, తలచుకుంటే చెరపగలదు.

మరి ప్రాథమిక పాఠశాల మాటేమిటి? విద్యాహక్కు చట్టం 2009లోనే, బోధన అన్వేషణ ద్వారా, కార్యకలాపాల ద్వారా జరగాలని 29వ సెక్షను స్పష్టంగా చెప్పింది. ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏటా 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలన్నది. ఎనిమిదివందలలో ముప్పయి గంటలు గోడ అవతల గడపడం అసాధ్యమని ఎవరూ అనరు. అసాధ్యం చేసేది మరొకటి. 2024–25 విద్యా సంవత్సరపు కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో 1,04,125 బడులు ఏకోపాధ్యాయ పాఠశాలలు. వాటిలో చదివే పిల్లలు 33,76,769 మంది. రాష్ట్రాల వరుసలో అగ్రస్థానం, మనవారు గర్వించదగినది కాకపోయినా, 12,912 బడులతో ఆంధ్రప్రదేశ్‌ది. ఒకే ఉపాధ్యాయిని అయిదు తరగతులు చూసుకుంటూ నాలుగవ తరగతి పిల్లలను చెరువుగట్టుకు తీసుకువెళ్ళాలంటే, మిగిలిన నాలుగు తరగతులను ఎవరి చేతిలో పెట్టాలి? ఎన్నికల విధులు, జనాభా లెక్కలు ఆమెకు చట్టమే మినహాయింపు లేకుండా ఇచ్చిన అదనపు కానుకలు.

దీనికొక మందు మన నేలమీదనే తయారైంది. మదనపల్లె సమీపాన రిషివ్యాలీ వారు చుట్టుపక్కల పల్లె పిల్లలకోసం, వేర్వేరు తరగతులవారు ఒకే గదిలో కార్డుల సాయంతో ఎవరి మెట్టు వారు ఎక్కే పద్ధతిని రూపొందించారు. 2003 నుంచి చెన్నై నగర పాలక పాఠశాలలలో దానిని తమ తీరుకు మలచుకున్నారు. తర్వాత తమిళనాడు అంతటా పాకింది. అయిదు తరగతులు కలిసి కూర్చున్న చోట అయిదు తరగతులు కలిసి కుంటకూ నడవవచ్చు. చిన్నవాడు పిట్టలు లెక్కపెడతాడు, పెద్దవాడు పట్టిక గీస్తాడు. అదే రిషివ్యాలీ ఆవరణను 1991లో పక్షి సంరక్షణ స్థలంగా ప్రకటించుకున్నారు. ఒకప్పుడు బోడిగా ఉన్న కొండలకు చెట్లు పట్టించిన తర్వాతి మాట అది.

ఏకోపాధ్యాయిని కష్టం తర్వాత పెద్ద అడ్డంకి భయం. ఈ భయాన్ని నేను తేలికగా తీసుకోను. 2024 జనవరి 18న వడోదరాలోని హర్ణి సరస్సులో విహారానికి తీసుకుపోయిన పిల్లలలో పన్నెండు మంది, వారితోపాటు ఇద్దరు ఉపాధ్యాయినులు పడవ మునిగి మరణించారు. పరిమితికి మించి ఎక్కించిన పడవ అది. రక్షణ కవచాలు అందరికీ లేవు. ఇటువంటిది జరిగినప్పుడల్లా విద్యాశాఖలు అనుమతుల మీద అనుమతులు విధిస్తాయి. గమనించవలసినదేమంటే, ప్రాణాలు తీసినవి చెరువుగట్టు పాఠాలు కావు. గుత్తేదారు నడిపే వినోద కేంద్రాలు, అర్ధరాత్రి బస్సు ప్రయాణాలు. కాని సర్క్యులరుకు ఆ తేడా తెలియదు. నూరు మైళ్ళ విహారానికీ, నూరు గజాల నడకకూ ఒకే దరఖాస్తు, ఒకే భయం. ప్రైవేటు బడి ఆ దరఖాస్తు పూర్తిచేసి రుసుము వసూలు చేసి వాటర్ పార్కుకు పోతుంది. సర్కారు బడి ఇంటిపట్టున ఉంటుంది.

కేంద్రం ఇచ్చే పరిష్కారాలను చూద్దాం. 2020 జాతీయ విద్యా విధానం సంచిలేని పది రోజులు ప్రసాదించింది. మార్గదర్శకాలు 2024 జులైలో వెలువడ్డాయి. మంచిదే. అయితే ఆ పది రోజులు ఆరు నుంచి ఎనిమిదవ తరగతి వారికి. కప్పను చూసి కేరింతలు కొట్టే వయసు ఆరవ తరగతితో మొదలు కాదు, దాదాపు ముగుస్తుంది. సమగ్ర శిక్ష కింద పర్యావరణ క్లబ్బుకు ప్రాథమిక పాఠశాలకు గరిష్ఠంగా ఏడాదికి అయిదు వేల రూపాయలు. ఉన్నత పాఠశాలకు ఇరవై అయిదు వేలు. చిన్నపిల్లలకు చిన్న ప్రకృతి చాలునన్న లెక్క కాబోలు.

ఈ చర్చలో సాధారణంగా ఎవరూ ప్రస్తావించని సంగతి మరొకటి ఉన్నది. తరగతి గదిలో వెనుక వరుసలో కూర్చునే మేకల కాపరి కొడుకు, బెస్తవారి పిల్ల, నల్లమల చెంచుగూడెం నుంచి వచ్చిన బాలుడు గోడ దాటిన క్షణంలో ముందు వరుసకు వస్తారు. ఏ ఆకు మేక ముట్టదో, ఏ నీటిలో జెల్ల దొరుకుతుందో, తేనెపట్టు ఎప్పుడు పిండాలో వారికి తెలుసు, ఉపాధ్యాయునికి తెలియదు. బడి ఈ జ్ఞానాన్ని అజ్ఞానంగా లెక్కకట్టి, వారిని వెనుకబడిన విద్యార్థులని పిలుస్తున్నది. క్షేత్ర పర్యటన కొందరు ఉపాధ్యాయులకు రుచించకపోవడానికి ఇదీ ఒక కారణమని నేను అనుమానిస్తాను. అక్కడ బల్ల లేదు, బెత్తం లేదు, ఎవరు ఎవరికి నేర్పుతున్నారో చెప్పడం కష్టం.

అన్నీ కుదిరి, ఉపాధ్యాయుడు, అనుమతి, గంట సమయం దొరికాయనుకుందాం. వెళ్ళడానికి చోటెక్కడ? ఊరుమ్మడి చెరువులు, బంజర్లు కబ్జాల పాలవుతున్నాయని ఆగ్రహించి, వాటిని ఖాళీ చేయించి గ్రామాలకు అప్పగించాలని 2011 జనవరి 28న సుప్రీం కోర్టు పంజాబుకు చెందిన జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నిటికీ ఆదేశమిచ్చింది. 2025 ఏప్రిల్ 3న అదే కోర్టు హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను నిలిపివేసింది. పర్యావరణాన్ని బోధించమన్న 1991 తీర్పునూ, ఊరుమ్మడి నేలను కాపాడమన్న 2011 తీర్పునూ పక్కపక్కన పెట్టి చదివిన ప్రభుత్వం నాకు ఇంతవరకు కనబడలేదు. విద్యాశాఖ దస్త్రం ఒక భవనంలో, రెవెన్యూ దస్త్రం మరొక భవనంలో ఉంటాయి.

1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చింది గనుక ప్రతిదానికీ ఢిల్లీ ముఖం చూడడం రాష్ట్రాలకు అలవాటైంది. ఈ విషయంలో ఆ అవసరం లేదు. నేల రాష్ట్రాలదే. ప్రతి ప్రాథమిక పాఠశాలకు నడక దూరంలో ఉన్న కుంట, వాగు, పోరంబోకు, తోపు ఏదైతే అది సర్వే నంబరుతో సహా బడి రిజిస్టరులో ఎక్కించి, దానిని ఇతరులకు ధారాదత్తం చేసే ముందు పాఠశాల యాజమాన్య సంఘం సమ్మతి తప్పనిసరి చేయడానికి ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. కిలోమీటరు లోపు నడకకు ప్రధానోపాధ్యాయుని సంతకం చాలునని మరొక ఉత్తర్వు. అమరావతిలో గాని, హైదరాబాదులో గాని శాసనసభ్యుడెవరైనా రానున్న సమావేశంలో తన నియోజకవర్గంలోని ఏకోపాధ్యాయ పాఠశాలల సంఖ్యనూ, వాటి చుట్టూ మిగిలిన చెరువుల సంఖ్యనూ ఒకే ప్రశ్నగా అడిగితే, మంత్రిగారు ఏ శాఖ నుంచి లేచి జవాబు చెబుతారో చూడాలని ఉన్నది.